ఫార్మసీ వృత్తిగా ఎప్పుడు పుట్టింది? 1231, 1617, 1841: ఏ ఏడాదిని లెక్కలోకి తీసుకోవాలి?

#1 తులామానం

మందు నూరడం ఎంత పాతదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య పత్రం ఎబర్స్ పపైరస్‌లోనే 800కు పైగా మందుల తయారీ యోగాలున్నాయి. క్రీ.శ. 1వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డియోస్కొరిడీస్ అయిదు సంపుటాల్లో దాదాపు 600 మొక్కల గుణాలు రాసిపెట్టాడు. అయితే మందు నూరడం ఒక పని. అదే ఒక వృత్తిగా నిలబడడం ఇంకో సంగతి.

వృత్తి అనడానికి నాకు మూడు కనబడాలి. ఎవరు పడితే వాళ్లు దిగకుండా గడప దగ్గర ఒక పరీక్ష. అందరూ ఒకేలా చేయడానికి ఒక ప్రమాణ గ్రంథం. తప్పు జరిగితే చేసినవాడే జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత.

నా ఓటు సిసిలీ రాజు, చక్రవర్తి రెండో ఫ్రెడెరిక్ శాసనాలకు. 1231లో మెల్ఫీలో వెలువడిన సంహిత అది. వైద్యులు, మందుల తయారీదారుల గురించిన నిబంధనలు ఆ తర్వాతి పదేళ్లలో చేరాయి కాబట్టి కొందరు 1240 అని రాస్తారు. వైద్యుడు మందుల అంగడి పెట్టకూడదనీ, పెట్టినవాడితో పొత్తు కలవకూడదనీ చట్టంగా రాసింది అక్కడే. మీరేమంటారు?

#2 పాతదస్తరం

ఫ్రెడెరిక్ కంటే నాలుగు వందల ఏళ్లు వెనక్కి రండి. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో మందుల అంగడి విడిగా నడిచేది, నడిపేవాణ్ణి సైదలానీ అనేవారు. నేటి అరబ్బీలో కూడా ఫార్మసీకి సైదలా అనే మాటే. ఆ మాట మన ‘చందనం’ నుంచి వచ్చిందని 11వ శతాబ్దంలో అల్ బిరూనీ వివరించాడు: చందనం అమ్మేవాడే క్రమంగా మందులమ్మేవాడయ్యాడన్నమాట. 869లో మరణించిన సాబూర్ ఇబ్న్ సహ్ల్ రాసిన యోగ సంగ్రహం ఆస్పత్రుల్లో ప్రమాణంగా వాడారు. మీ రెండో షరతు అక్కడే తీరింది.

తనిఖీ కూడా ఉండేది. బజారు తూనికలూ కల్తీలూ చూసే అధికారి ముహ్తసిబ్. 12వ శతాబ్దపు తనిఖీ కరదీపిక ఒకటి నల్లమందు కల్తీని ఎలా పట్టాలో చెబుతుంది. నీళ్లలో కరిగించినప్పుడు కుంకుమపువ్వు వాసన వస్తే మామీసా అనే మొక్క రసం కలిపినట్టు. వాసన పలచగా ఉండి, ముట్టుకుంటే గరుకుగా తగిలితే అడవి లెట్యూస్ ఆకు రసం కలిపినట్టు. పరికరం లేకుండా ముక్కుతో, వేళ్లతో చేసే పరీక్షే. కానీ ఏ కల్తీకి ఏ లక్షణమో విడదీసి రాశారు చూడండి, నాణ్యతా పరీక్ష అంటే అదే.

#3 కల్వం

పాతదస్తరం గారి మాటకు ఒక చిన్న చేర్పు. చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: భిషక్కు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. మందు ఉంది, పరిచారకుడు ఉన్నాడు, మందు తయారుచేసేవాడికి మాత్రం విడిగా పాదం లేదు. ఆ పని వైద్యుడి చేతి కిందే ఉంది. యూరప్‌లో 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ కాలం కూడా అంతే, తన మందులు తనే చేసుకున్నాడు. కాబట్టి ఐదో పాదం ఎప్పుడు మొలిచిందన్నదే ఈ దారానికి అసలు ప్రశ్న అనుకుంటాను.

#4 తులామానం

బాగ్దాద్ ముందుందని ఒప్పుకుంటున్నాను. కానీ ముహ్తసిబ్ మందుల అంగడిని చూసినట్టే రొట్టెల అంగడినీ చూశాడు. అది బజారు తనిఖీ. ఫ్రెడెరిక్ శాసనంలో నన్ను పట్టేసింది వేరే: ఇద్దరి డబ్బు సంచులు విడదీయడం. చీటీ రాసేవాడికి మందు అమ్మకంలో వాటా ఉంటే ఎక్కువ మందులు, ఖరీదైన మందులు రాస్తాడు. అందుకే పొత్తు నిషేధం. ఇక తయారీదారు సంహితలోని పద్ధతి తప్పకుండా, వైద్యుల ధ్రువీకరణతో, తన ఖర్చుతో మందు చేస్తానని ప్రమాణం చేయాలి.

లాభం కూడా కట్టేశారు. కొన్న రోజు నుంచి ఏడాదిలోపు అమ్ముడయ్యే సరుకు మీద ఔన్సుకు 3 తారీలు (అప్పటి సిసిలీ నాణేలు), ఏడాది దాటి నిల్వ ఉండే సరుకు మీద 6 తారీలు. ఈ రెట్టింపు ఎందుకో ఆలోచించండి. అరుదుగా వాడే మందు అంగట్లో పడి ఉంటుంది, డబ్బు ఇరుక్కుపోతుంది. గిట్టుబాటు కాకపోతే తెప్పించడమే మానేస్తాడు, లేదా పాతదాన్నే కొత్తదని అమ్ముతాడు. రెండూ రోగికి నష్టమే. 13వ శతాబ్దంలో ఇంత లోతుగా ఆలోచించారంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

#5 గాజుకుప్పె

తులామానం గారూ, శాసనం చెప్పినంత మాత్రాన వృత్తి పుట్టదండి. ఆ శాసనం రాజుది. వృత్తి అనాలంటే ఆ పనివాళ్లే తమ గడపను తాము కాపాడుకోవాలి.

ఇంగ్లండ్ చూడండి. అపోథెకరీలు, అంటే మందులు తయారుచేసి అమ్మేవాళ్లు, మొదట మిరియాలు, పంచదార అమ్మే గ్రోసర్ల సంఘంలో సభ్యులు. 1617 డిసెంబర్ 6న మొదటి జేమ్స్ రాజు విడి సనదు ఇచ్చాడు. అప్పటి నుంచి 7 ఏళ్ల శిష్యరికం, పరీక్ష, సంఘం మనుషులు అంగళ్లు తిరిగి చెడ్డ సరుకు తగలబెట్టే అధికారం. 1618లో లండన్ ఫార్మకోపియా, అంటే మందుల తయారీకి ప్రమాణ గ్రంథం వచ్చింది. ఆ ఏడాదే మేలో వచ్చిన మొదటి ముద్రణను వెనక్కి తీసుకుని, డిసెంబర్‌లో మళ్లీ వేశారు. 1673లో చెల్సీలో మూలికల తోట పెట్టి శిష్యులకు మొక్కలు చూపించి నేర్పారు. ఎండిన ఆకును గుర్తుపట్టాలంటే పచ్చి ఆకును ముందు చూసి ఉండాలి మరి.

కథ మలుపు తిరిగింది 1704లో, రోజ్ కేసులో. విలియం రోజ్ అనే అపోథెకరీ వైద్యుడి చీటీ లేకుండా రోగికి మందిచ్చాడని వైద్యుల కాలేజీ (లండన్ వైద్యుల సంఘం) కేసు పెట్టింది. కింది కోర్టులో కాలేజీ గెలిచింది, ప్రభువుల సభ తీర్పు తిరగేసింది. దాంతో అపోథెకరీ రోగిని చూడొచ్చు, మందు నిర్ణయించొచ్చు. కానీ సలహాకు డబ్బు అడగకూడదు, మందుకే అడగాలి. ఇంకేముంది, బతకాలంటే సీసాల మీద సీసాలు ఇవ్వాలి. ఫ్రెడెరిక్ ఏ సంచులను విడదీశాడో ఈ తీర్పు వాటినే మళ్లీ ముడేసింది.

తర్వాతి వందేళ్లలో అపోథెకరీలు క్రమంగా సాధారణ వైద్యులైపోయారు. 1815 చట్టం దాన్ని ఖాయం చేసింది. వాళ్లు ఖాళీ చేసిన కల్వాన్ని ‘కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్’ అనే కొత్త వర్తకులు అందుకున్నారు. వాళ్లకు పరీక్షా లేదు, శిష్యరికమూ తప్పనిసరి కాదు. అంటే ఇంగ్లండ్‌లో ఈ వృత్తి ఒకసారి పుట్టి, వైద్యంలోకి జారిపోయి, మళ్లీ పుట్టాల్సి వచ్చింది. రెండో పుట్టుక 1841 ఏప్రిల్ 15: జేకబ్ బెల్ తదితరులు ఫార్మాస్యూటికల్ సొసైటీ పెట్టిన రోజు. మరుసటి ఏడే సొంత పాఠశాల తెరిచారు. నా ఓటు దానికే.

#6 గుళికలపీట

చట్టాల చర్చ బాగుంది. కానీ ఈ వృత్తి నిలబడింది చేతి పనితనం మీద. అది చెప్పకుండా తేదీలు తేల్చలేం. ఒక్క ఉదాహరణ తీసుకుందాం: 19వ శతాబ్దపు చీటీ, ఒక్కో గుళికలో గ్రెయిన్‌లో 60వ వంతు స్ట్రిక్నిన్ (ముష్టి గింజల నుంచి తీసే తీవ్ర విషం), మొత్తం 24 గుళికలు.

మొత్తం స్ట్రిక్నిన్ 24/60, అంటే 0.4 గ్రెయిన్. ఒక గ్రెయిన్ 64.8 మి.గ్రా. కాబట్టి దాదాపు 26 మి.గ్రా. చేతి తక్కెడ అంత తక్కువను నమ్మకంగా తూచలేదు. 6 మి.గ్రా. తేడాకు గానీ ముల్లు కదలని తక్కెడలో 26 మి.గ్రా. తూస్తే నాలుగో వంతు వరకు పొరపాటు రావచ్చు. 5 శాతం లోపు ఉండాలంటే ఆ తక్కెడలో కనీసం 120 మి.గ్రా. తూచాలి.

అందుకని 1 గ్రెయిన్ స్ట్రిక్నిన్‌కు 9 గ్రెయిన్ల పాల చక్కెర కలిపి 10 గ్రెయిన్ల పొడి చేస్తారు. అందులోంచి 4 గ్రెయిన్లు తూస్తే సరిగ్గా 0.4 గ్రెయిన్ మందు వస్తుంది. (ఈ లెక్క కచ్చితంగా చూసేవాళ్లకు: మొదటి 1 గ్రెయిన్ కూడా 65 మి.గ్రా.యే కాబట్టి దానికి మరింత సున్నితమైన తక్కెడ కావాలి, లేదా 2 గ్రెయిన్లకు 18 కలపాలి.)

కలపడంలోనే అసలు మెలకువ. 9 గ్రెయిన్ల చక్కెరా ఒకేసారి పోస్తే మందు ఒక మూల ముద్దగా ఉండిపోతుంది. మందు ఎంత ఉందో అంతే చక్కెర వేసి నూరాలి. ఇప్పుడున్న మొత్తానికి సమానంగా మళ్లీ వేసి నూరాలి. అలా ప్రతిసారీ రెట్టింపు. కల్వం గోడలకు అంటిన పొడిని గరిటెతో గీకి మధ్యకు తేవడం మరచిపోతే ఆ అంటిన పొడి చివరి గుళికల్లోకి పోతుంది.

తర్వాత అతిమధురం పొడి, గ్లూకోజ్ పాకం చేర్చి ముద్ద చేస్తారు. ముద్ద పొడిగా ఉంటే కడ్డీ చేసేటప్పుడు పగుళ్లిస్తుంది, తడి ఎక్కువైతే గుళికలు డబ్బాలో చదునుగా కుంగిపోతాయి. పీట మీద 24 గాళ్ల పొడవుకు సమంగా కడ్డీ దొర్లించి, పై పలకతో ఒక్క తోపులో కోసి, అంటుకోకుండా పొడి చల్లి గుండ్రంగా తిప్పుతారు. కడ్డీ ఒక చివర లావైతే ఆ చివరి గుళికలో విషం ఎక్కువ. అందుకే ముందు మొత్తం ముద్దను తూచి, 24తో భాగించి, రెండు మూడు గుళికలు విడిగా తూచి చూసేవారు. పాతబడిన గుళిక రాయిలా గట్టిపడి కడుపులో కరగకుండానే బయటికొచ్చేది. అది కూడా తయారీదారు తప్పు కిందే లెక్క.

ఇది ఏడేళ్ల శిష్యరికం ఎందుకు పెట్టారో చెబుతుంది. స్ట్రిక్నిన్‌లో ఒక గుళికకూ ఇంకో గుళికకూ తేడా వస్తే ప్రాణం పోతుంది.

#7 కల్వం

గుళికలపీట గారి టపాకు చప్పట్లు. నేను ఇంకో రెండు పనులు చెబుతాను, రెండింటిలోనూ ‘ఎందుకు’ తెలిసినవాడికే చేయి కుదురుతుంది.

ఒకటి గాలెన్ పేరుతో నిలిచిన కోల్డ్ క్రీమ్. మైనం, గులాబీ నూనె, నీరు. చర్మం మీద నీరు ఆవిరవుతూ చల్లగా అనిపిస్తుంది, ఆ పేరు అందుకే. కానీ నూనెనూ నీటినీ పట్టి ఉంచే పదార్థం అందులో లేదు, త్వరగా విడిపోతుంది. ఆధునిక ఫార్మకోపియాలు దీన్ని బోరాక్స్‌తో సరిచేశాయి. అమెరికన్ ఫార్మకోపియా పాళ్లు వెయ్యి గ్రాములకు ఇవి: సీటైల్ ఎస్టర్స్ మైనం 125, తెల్ల తేనెమైనం 120, మినరల్ ఆయిల్ 560, బోరాక్స్ 5, శుద్ధజలం 190. మైనంలోని ఆమ్లంతో బోరాక్స్ కలిసి అక్కడికక్కడే సబ్బు తయారవుతుంది, ఆ సబ్బే నీటినీ నూనెనూ పట్టి ఉంచుతుంది. మైనాలూ నూనే కరిగి 70 డిగ్రీల దగ్గరుండాలి, బోరాక్స్ కరిగించిన నీరు కూడా అదే వేడిలో ఉండాలి. నీరు చల్లగా ఉంటే తగిలిన చోటల్లా మైనం గడ్డకట్టి క్రీమ్ ఇసుకలా పలుకులవుతుంది. గడ్డకట్టే దాకా కలుపుతూనే ఉండాలి.

రెండోది పెర్కొలేషన్, అంటే మూలిక పొడి లోంచి ద్రావకాన్ని చుక్కలుగా దించి టింక్చర్ తీయడం. పొడిని ముందు ద్రావకంతో తడిపి, మూత పెట్టి 4 గంటలు వదలాలి. ఎండు పొడిని నేరుగా గొట్టంలో కూరితే లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తడిపిన పొడిని పొరలు పొరలుగా ఒకే ఒత్తిడితో సర్దాలి. ఒక పక్క వదులుగా ఉంటే ద్రావకం ఆ సందులోంచే జారిపోతుంది, మిగతా పొడిలో సత్తువ అలాగే ఉండిపోతుంది. ద్రావకం పోసి, కింద చుక్క కనబడగానే మూసి 24 గంటలు నానబెట్టి, తర్వాత నిదానంగా దించాలి. కావలసిన మొత్తంలో ముప్పాతిక రాగానే ఆపి, పిప్పిని పిండి, ఆ రసం కలిపి, ద్రావకంతో కొలత పూర్తి చేయాలి.

#8 కొత్తఆకు

ఒక సందేహం. థెరియాక్ అనే మందులో 60కి పైగా దినుసులు ఉండేవనీ, దాన్ని బహిరంగంగా అందరి ముందు తయారుచేసేవారనీ విన్నాను. అంత ఆడంబరం ఎందుకు?

#9 పాతదస్తరం

నీరో చక్రవర్తి వైద్యుడు ఆండ్రోమాకస్ కూర్చిన రూపంలో దాదాపు 64 దినుసులు, అందులో విషసర్పం మాంసం, నల్లమందు ఉన్నాయి. సర్వ విషహరం అని నమ్మకం. దినుసులు ఖరీదు, దూర దేశాలవి. నూరి తేనెలో కలిపాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. కుంకుమపువ్వు వేశాడా, దాసనపువ్వు వేశాడా? చూసి తేల్చే మార్గమే లేదు. కాబట్టి కలపక ముందే అన్నీ పరిచి చూపించాలి, అధికారుల, వైద్యుల కళ్ల ముందే కలపాలి. వెనిస్ థెరియాక్‌కు అంత పేరు రావడానికి ఆ బహిరంగ తయారీయే కారణం. రసాయన పరీక్ష లేని కాలంలో సాక్షులే పరీక్ష.

1745లో విలియం హెబర్డెన్ దీన్ని గట్టిగా ఖండించాడు. ఎడింబరో ఫార్మకోపియా 1756లో, లండన్ ఫార్మకోపియా 1788లో తీసేశాయి. నాకైతే ఆ తీసివేత కూడా వృత్తి చరిత్రలో పెద్ద ఘట్టమే. చేర్చడం ఎవరైనా చేస్తారు, పదిహేడు వందల ఏళ్ల పేరున్న మందును కొట్టేయడానికి ధైర్యం కావాలి.

#10 సింకోనాబెరడు

పాతదస్తరం గారు ‘లోపల ఏముందో చెప్పలేరు’ అన్నారు. ఆ గోడ కూల్చింది అంగడి వెనక గదిలో పనిచేసిన ఫార్మసిస్టులే.

నల్లమందుతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఒక ముద్దలో సత్తువ ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. అదే మోతాదుకు ఒకరికి నొప్పి తగ్గదు, ఇంకొకరి ఊపిరి ఆగుతుంది. 1804-05లో జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో అపోథెకరీ సహాయకుడిగా ఉన్న జెర్ట్యూర్నర్, నల్లమందు కషాయానికి అమ్మోనియా చేర్చి స్ఫటికాలు దించాడు. తర్వాత వాటికి నిద్రా స్వప్నాల దేవత మార్ఫియస్ పేరు మీద పేరు పెట్టాడు. అదే మార్ఫిన్. 1817లో విపులంగా ప్రచురించాకే లోకం పట్టించుకుంది. 1820లో పారిస్‌లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఫార్మసిస్టులు సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీశారు, పద్ధతిని దాచుకోకుండా ప్రచురించారు. ఇక బెరడును రంగు చూసి, చేదు చూసి కొనే రోజులు పోయాయి. నూటికి ఎంత క్వినైన్ ఉందో తేల్చి కొనొచ్చు. ప్రమాణ గ్రంథంలో ‘మంచి బెరడు వాడు’ అన్న మాట పోయి అంకె వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు. మార్ఫిన్, క్వినైన్ లాంటి ఆల్కలాయిడ్ (మొక్కలోని సత్తువ పదార్థం) ఒకసారి శుద్ధంగా వచ్చాక దాన్ని ప్రతి అంగట్లో తీయనక్కర్లేదు. డార్మ్‌స్టాట్‌లో మెర్క్ కుటుంబానిది 1668 నాటి అంగడి. 1827లో హైన్రిక్ ఇమాన్యుయెల్ మెర్క్ అక్కడ ఆల్కలాయిడ్లను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాడు. అంగడి కర్మాగారమైంది. 1843లో విలియం బ్రాకెడన్ పొడిని అచ్చులో నొక్కి మాత్ర చేసే యంత్రానికి పేటెంట్ పొందాడు. అప్పటికి ఆయన దృష్టి పెన్సిల్ గ్రాఫైట్ మీద కూడా ఉంది! గుళికలపీట గారు వర్ణించిన పనంతా ఆ అచ్చు ఒక్క దెబ్బతో చేసేస్తుంది. తన జ్ఞానంతోనే తన చేతి పనిని పోగొట్టుకున్న వృత్తి ఇది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

#11 గాజుకుప్పె

చేతి పని పోయినా గడప కాపలా పోలేదు. ఇంకా గట్టిపడింది. దానికి విషాలు కారణం.

ఇంగ్లండ్‌లో 1851 ఆర్సెనిక్ చట్టం: కొన్నవాడి పేరు, ఊరు, దేనికి కొన్నాడో పుస్తకంలో రాయాలి, సంతకం తీసుకోవాలి. తెల్లగా పిండిలా ఉండే ఆర్సెనిక్‌కు పౌనుకు 1 ఔన్సు మసి గానీ అర ఔన్సు నీలిమందు గానీ కలిపి అమ్మాలి, కంటికి తెలియాలని. కానీ ఎవరు అమ్మొచ్చన్నది చట్టం చెప్పలేదు.

1858లో బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ లోటు బయటపడింది. మిఠాయి తయారీదారు ఒకడు పంచదార ఖర్చు తగ్గించడానికి సున్నపుపిండి లాంటి చవక పొడి తెమ్మని మనిషిని పంపాడు. మందుల కొట్టు సహాయకుడు తప్పు పీపా లోంచి 12 పౌన్ల ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. దాదాపు 20 మంది చనిపోయారు, 200 మంది జబ్బుపడ్డారు. రంగు కలపాలన్న నియమం అమ్మకం వేళకే, నిల్వ పీపాలో విషం తెల్లగానే ఉంది. యజమాని మంచాన పడి ఉంటే కొట్టు శిక్షణ లేని చేతుల్లో ఉంది. 1868 ఫార్మసీ చట్టం అక్కడ పట్టుకుంది: నిర్ణీత విషాలను పరీక్ష పాసై నమోదైనవాళ్లే అమ్మాలి, ఆ పేరూ వాళ్లే పెట్టుకోవాలి.

చీకట్లో కూడా తెలిసేలా విషం సీసాలకు గరుకు గాళ్లు, ఆరు పలకల ఆకారం వచ్చింది ఈ కాలంలోనే. అలమరలో విషాలకు విడి తాళం కూడా.

#12 తులామానం

గాజుకుప్పె గారి 1868కి జోడీ 1937. సల్ఫనిలమైడ్ అనే బాక్టీరియా సంహారక మందు నీళ్లలో సరిగా కరగదు. ద్రవరూపం కావాలని ఒక అమెరికన్ కంపెనీ రసాయనజ్ఞుడు డైఎథిలిన్ గ్లైకాల్‌లో కరిగించాడు. మందులో అదే దాదాపు 72 శాతం. రుచి, వాసన, రంగు చూశారు. విషమా కాదా చూడలేదు, చూడాలని అప్పటి చట్టం అడగలేదు. మూత్రపిండాలు దెబ్బతిని 100 మందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. సరుకు వెనక్కి లాగడానికి ప్రభుత్వానికి దొరికిన చట్టపరమైన ఆధారం ఒక్కటే: ‘ఎలిక్సిర్’ అని పేరు పెడితే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు! లేబుల్ తప్పు కాబట్టి పట్టుకోగలిగారు. 1938 చట్టంతో అమ్మకానికి ముందే భద్రత చూపించడం తప్పనిసరైంది.

ఈ పాఠం నేటికీ పాతబడలేదు. గ్లిజరిన్ పీపాలో డైఎథిలిన్ గ్లైకాల్ కలిసిందా అన్నది ప్రతి పీపాకూ పరీక్షించాలి, 0.10 శాతం మించకూడదు. 2022లో పిల్లల దగ్గు సిరప్‌ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికలు ఇవ్వాల్సి వచ్చింది ఇదే విషం వల్ల.

#13 వార్డుఫార్మసిస్ట్

సింకోనాబెరడు గారి బాధకు జవాబు. కర్మాగారాలు వచ్చాక ఫార్మసిస్టు చేతిలో ఏం మిగిలింది? 20వ శతాబ్దం మధ్యలో నిజంగానే ఏమీ మిగలనట్టు కనబడింది. అమెరికన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ 1952 నీతి నియమావళి ప్రకారం చీటీలోని మందు ఏం చేస్తుందో, అందులో ఏముందో రోగితో ఫార్మసిస్టు చర్చించకూడదు. సీసా మీద మందు పేరు కూడా ఉండేది కాదు. అన్నేళ్లు చదివినవాడు మాత్రలు లెక్కపెట్టి డబ్బాలో పోయాలి, నోరు మూసుకోవాలి. 1969లో ఆ నియమం మారింది.

నా దృష్టిలో మూడో పుట్టుక 1966. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆస్పత్రి తొమ్మిదో అంతస్తులో ఫార్మసిస్టులను నేలమాళిగ కొట్లోంచి తెచ్చి వార్డులో కూర్చోబెట్టారు, రాత్రింబవళ్లు. 1990లో హెప్లర్, స్ట్రాండ్ ‘ఫార్మాస్యూటికల్ కేర్’ అన్నారు: మందు అందించడంతో పని తీరదు, ఆ మందు వల్ల రోగికి వచ్చే ఫలితానికి కూడా ఫార్మసిస్టు బాధ్యుడు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో ఒక్క మందుతో చెబుతాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే. చీటీలో ‘రోజుకు’ అని పడితే, చదివేవాళ్లు అలాగే ఇస్తే, పది రోజుల లోపే నోటిలో పుళ్లు, తెల్ల రక్తకణాలు పడిపోవడం, ప్రాణాపాయం. కాబట్టి ఇచ్చే ముందు నాలుగు చూడాలి. జబ్బు ఏది, క్యాన్సరా కీళ్లవాతమా. వారంలో ఏ రోజు అన్నది పేరుతో సహా రాసి ఉందా. మూత్రపిండాల పనితనం, రక్తపరీక్ష ఎప్పటివి. వెంట ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఉందా. రెండూ కణాలు పెరగడానికి కావలసిన ఫోలేట్ అనే విటమిన్‌నే దెబ్బకొడతాయి, కలిస్తే ఎముక మజ్జ కుప్పకూలుతుంది. ఏది తేడాగా ఉన్నా మందు కౌంటర్ దాటకూడదు, ముందు డాక్టర్‌కు ఫోన్. ఇది యంత్రం నొక్కే మాత్రలో ఉండదు.

#14 కల్వం

‘మందు కౌంటర్ దాటకూడదు’. తులామానం గారి మూడో షరతు ఇదే కదా. చీటీ రాసినవాడి ఆజ్ఞ పాటించేవాడు పనివాడు, తప్పుంటే ఆపేవాడు వృత్తినిపుణుడు. మీరు 1231 అన్నది సంచులు విడదీసినందుకు. నాకైతే ఇప్పుడు ఆ విభజన అవసరం వేరుగా కనబడుతోంది: సంచులు విడిగా ఉన్నవాడే కాదనగలడు.

#15 పాతదస్తరం

విభజనే నిర్వచనం అనేస్తే సగం ప్రపంచం బయట పడుతుంది, జాగ్రత్త. జపాన్ 1874లోనే వైద్యం, మందులు వేరని సూత్రంగా రాసుకుంది. కానీ డాక్టర్లు తమ దగ్గరే మందులు ఇస్తూ వచ్చారు. 1956లో మళ్లీ చట్టం అమల్లోకి తెచ్చినా పెద్దగా మారలేదు. 1974లో చీటీ రాసినందుకు డాక్టర్‌కు ఇచ్చే రుసుము బాగా పెంచాకే చీటీలు బయటి ఫార్మసీలకు రావడం మొదలైంది. దక్షిణ కొరియాలో విభజన 2000 జూలైలో జరిగింది, డాక్టర్లు సమ్మెలకు దిగారు. ఈ దేశాల్లో అంతకుముందు కూడా చదువుకున్న, నమోదైన ఫార్మసిస్టులు ఉన్నారు. వాళ్లను వృత్తి కాదంటామా?

#16 తులామానం

అనలేం. పాతదస్తరం గారి మాటతో నా మొదటి టపా సవరించుకుంటున్నాను. 1231లో పుట్టింది షరతు, వృత్తి కాదు. అయితే జపాన్ సంగతి నా వాదానికి బలం కూడా ఇస్తోంది: 1874 నుంచి సూత్రం కాగితం మీదే ఉంది, డబ్బు దారి మారాకే చీటీ కదిలింది. ఫ్రెడెరిక్ తారీల లెక్క రాసింది ఆ సంగతి ఎరిగే.

#17 కొత్తఆకు

ఇంకొక్కటి. పాత చీటీల్లో డ్రామ్‌నూ ఔన్స్‌నూ తారుమారు చేసేవారని గుళికలపీట గారు వేరే దారంలో అన్నారు. అది ఎంత పెద్ద తప్పు?

#18 గుళికలపీట

8 రెట్లు. అపోథెకరీ తూకంలో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుళ్లు ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు, 12 ఔన్సులు ఒక పౌను. డ్రామ్ గుర్తు 3 అంకెలా ఉంటుంది. దాని నెత్తిన ఇంకో మెలిక పెడితే ఔన్సు. తొందరలో రాసిన చేయి ఒక మెలిక ఎక్కువ తిప్పితే అంతే.

ఇంకా రెండు ఉచ్చులు ఉండేవి. గ్రెయిన్‌ను, గ్రామును కుదించి రాస్తే ఒకేలా కనబడతాయి. 1 గ్రాము 15.4 గ్రెయిన్లు, అక్కడ తప్పితే 15 రెట్లు. రెండోది రోమన్ అంకెలు: నిలువు గీతలతో 2 రాస్తే పక్కన ఎవరైనా ఇంకో గీత గీసి 3 చేయొచ్చు. అందుకని చివరి గీతను కిందికి తోకలా లాగేవారు. తోక తర్వాత గీత ఉంటే ఎవరో చేయి పెట్టినట్టే.

మెట్రిక్ వచ్చి వీటిని తుడిచేసింది, కానీ తన ఉచ్చు తాను తెచ్చింది. 1 మి.గ్రా. అనడానికి 1.0 అని రాస్తే చుక్క చెరిగి 10 అవుతుంది. కాబట్టి పూర్తి సంఖ్య తర్వాత సున్నా రాయొద్దు. ఒకటి కంటే తక్కువైతే చుక్క ముందు సున్నా తప్పక రాయాలి: .5 కాదు, 0.5. అలా రాయని చీటీ వస్తే ఊహించి ఇవ్వకుండా, రాసినవారిని అడిగి, జవాబును తేదీతో చీటీ మీదే నమోదు చేయాలి.